బండి భాష నేర్చుకున్న అభిమానులు



మోటారు సైకిలు కొన్నవాడికి ఆ బండి మీద ఎంత హక్కు ఉంటుంది? ఆర్.సి. పుస్తకంలో పేరు అతనిదే. నెలనెలా వాయిదా కట్టేదీ అతనే. నడి దారిలో బండి ఆగిపోతే ఎండలో తోసుకుంటూ పోయేదీ అతనే. కానీ అది ఎందుకు ఆగిందో చెప్పే మాట మాత్రం అతనికి వినిపించదు. ఆ మాట వినాలంటే కంపెనీ వారి సర్వీసు సెంటరుకు పోవాలి, వారి దగ్గర ఉన్న కంప్యూటరు తగిలించాలి. ఈ పరిస్థితి ఎలా వచ్చింది, దీన్ని ఒప్పుకోని కొందరు అభిమానులు తమ చేతి ఫోన్లలోనే ఎలాంటి సాధనాలు తయారు చేసుకున్నారు, వాటిని చూసి కంపెనీలు ఏం చేశాయి అన్నది ఈనాటి ప్రసంగ విషయం. యంత్రాల గొడవ మనకెందుకని రేడియో కట్టేయకండి. హోసూరు నుంచి బళ్ళారి, రాయచూరు దాకా, అటు బరంపురం, రాయగడ, ఇటు నాందేడు, సిరొంచ వరకు మన తెలుగు కుటుంబాలలో చాలామంది బతుకుతెరువుకు తిరిగేది ఈ రెండు చక్రాల మీదే.

నేను ఉద్యోగం చేసేది హోసూరు ప్రాంతంలో. 1980లో టి.వి.ఎస్. 50 మోపెడ్ ఇక్కడి కర్మాగారం నుంచే బయటికి వచ్చింది. ఇద్దరు కూర్చుని పోగల మోపెడ్ మన దేశంలో అదే మొదటిది. తరువాత 1984లో జపాను సుజుకీ కంపెనీ సహకారంతో వంద సి.సి. ఇండ్-సుజుకీ మోటారు సైకిలు కూడా వచ్చింది. ఆ కాలపు బండ్లలో దాపరికం అనేది లేదు. పెట్రోలు ట్యాంకు కింద కార్బొరేటరు, ఇంజను తలమీద ప్లగ్గు, పక్కన మూత తీస్తే కాంటాక్టు పాయింట్లు. చెడితే చెడింది కంటికి కనబడేది. ప్లగ్గు తీసి చూస్తే నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతున్నదని, తెల్లబడి ఉంటే చాలడం లేదని, కాఫీ రంగులో ఉంటే అంతా సవ్యంగా ఉందని మెకానిక్కు చెప్పేవాడు. స్క్రూడ్రైవరు మొన ఇంజను మూతకు ఆనించి, పిడి చెవిదగ్గర పెట్టుకుని లోపలి చప్పుడు వినేవాడు. వైద్యుడి స్టెతస్కోపుకు ఇది ఏ విధంగానూ తీసిపోదు.

ఆ కాలంలో కంపెనీ చేసే సాయం అంటే విడిభాగాలు సరఫరా చేయడమే. అది కూడా ఆగిపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి మన పొరుగున మైసూరులోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. చెకొస్లొవేకియా దేశపు జావా కంపెనీ అనుమతితో ఐడియల్ జావా సంస్థ 1961లో మైసూరులో మోటారు సైకిళ్ళు తయారు చేయడం మొదలుపెట్టింది. 1970ల నుంచి అవి యెజ్డీ పేరుతో వచ్చాయి. 1996లో ఆ కర్మాగారం మూతపడింది. రోడ్ల మీద ఉన్న బండ్లకు దిక్కెవరు? ఆ బండ్ల యజమానులే దిక్కయ్యారు. పాత మాన్యువళ్ళు జెరాక్సు తీయించి పంచుకున్నారు. లేతు పనివారి దగ్గర బుష్షులు తిప్పించుకున్నారు. పాత ఇనుము దుకాణాల్లో పడి ఉన్న ఇంజన్లు వెతికి తెచ్చి, ఒకదాని అవయవం మరొకదానికి అతికించారు. 2007లో బెంగళూరులో జావా, యెజ్డీ యజమానుల క్లబ్బు ఏర్పడింది. ఏటా జూలై నెల రెండో ఆదివారం ఈ బండ్ల వారందరూ జావా దినం జరుపుకుంటారు. 2018లో జావా పేరు, 2022లో యెజ్డీ పేరు కొత్త కంపెనీ చేతిలో మళ్ళీ మార్కెట్టులోకి వచ్చాయి. పేరు పాతదే అయినా లోపలి ఇంజను పూర్తిగా వేరు. కాబట్టి పాత బండివారికి కొత్త కంపెనీవల్ల గౌరవం పెరిగిందేమో గాని విడిభాగాలు దొరకలేదు.

కంపెనీ లేకపోయినా ఆ బండ్లు ఇన్నేళ్ళు బతికాయంటే దానికి కారణం ఒక్క ప్రేమే అనుకోకూడదు. చూసి నేర్చుకోగల యంత్రం కాబట్టి బతికాయి. ఒకరు విప్పి చూపిస్తే మరొకరు నేర్చుకున్నారు. ఆ తరువాత వచ్చిన బండ్లకు ఈ సౌకర్యం లేదు.

2006లో హీరో హోండా కంపెనీ గ్లామర్ ఎఫ్.ఐ. అనే బండి తెచ్చింది. కార్బొరేటరుకు బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న మొదటి భారతీయ మోటారు సైకిలు అదే. మరుసటి ఏడాది బజాజ్ వారి పల్సర్ 220, ఆ తరువాత టి.వి.ఎస్. అపాచీలో ఒక రకం అదే దారి పట్టాయి. అప్పట్లో ఇవి ధనవంతుల వేడుక బండ్లుగానే ఉండేవి. 2017 ఏప్రిల్ నుంచి అన్ని బండ్లకూ భారత్ స్టేజ్ 4, 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ 6 కాలుష్య నిబంధనలు అమలులోకి వచ్చాక సంగతి మారిపోయింది. కొన్ని చిన్న బండ్లు ఎలక్ట్రానిక్ కార్బొరేటరుతో నెట్టుకొచ్చినా, తక్కిన వాటిలో దాదాపు అన్నింటికీ ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చేసింది.

ఈ పద్ధతిలో ఇ.సి.యు. అనే చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే ఇంజనుకు మెదడు. లోపలికి పోయే గాలి ఎంత, దాని వేడి ఎంత, యాక్సిలరేటరు ఎంత తిప్పారు, క్రాంకు ఏ స్థానంలో ఉంది అనే కబుర్లను సెన్సార్లు దానికి చేరవేస్తాయి. అది లెక్క వేసి, పెట్రోలు చిమ్మే ఇంజెక్టరును సెకనులో వెయ్యో వంతుల కొలతతో తెరిచి మూస్తుంది. దీనివల్ల లాభం లేదని ఎవరూ అనలేరు. చలికాలంలో ఛోకు లాగి కిక్కు కొట్టి కొట్టి కాళ్ళు నొప్పిపెట్టే రోజులు పోయాయి. పొగ తగ్గింది. కానీ మెకానిక్కు కన్నూ చెవీ కూడా ఒక మేరకు పనికిరాకుండా పోయాయి.

పోనీ, బండి ఏమీ చెప్పదా అంటే చెబుతుంది. మీటరులో ఇంజను బొమ్మతో ఒక పసుపు దీపం ఉంటుంది చూడండి. హోండా పద్ధతిలో ఆ దీపం నిడివిగా ఒకసారి మెరిస్తే పది, పొట్టిగా ఒకసారి మెరిస్తే ఒకటి అని లెక్క. ఒక నిడివి, రెండు పొట్టివి అయితే పన్నెండు. ఇంజెక్టరు చెడిందని అర్థం. ఎనిమిది అయితే యాక్సిలరేటరు స్థానం చూపే సెన్సారు. రెండు నిడివి, ఒక పొట్టి అయితే ఇరవై ఒకటి, అంటే సైలెన్సరు గొట్టంలోని ఆక్సిజను సెన్సారు. పాతకాలపు తంతి ఆఫీసులో కట్ట, కడ అని కొట్టినట్టే ఇదీ. అంకె తెలిసినా దాని అర్థం ఉన్న పట్టిక కంపెనీ వారి సర్వీసు పుస్తకంలో ఉండేది. ఆ పుస్తకం షెడ్డు మెకానిక్కు చేతికి రావడం కష్టం. వచ్చినా ఇంగ్లీషులో ఉంటుంది.

విదేశాలలో ఈ చిక్కు మనకంటే ముందే వచ్చింది కాబట్టి, దానికి విరుగుడు కూడా అక్కడే ముందు పుట్టింది. అమెరికాలో 1996 నుంచి అమ్మే కార్లన్నింటికీ ఒకే ఆకారపు పదహారు పిన్నుల సాకెట్టు ఉండాలని నిబంధన పెట్టారు. దీన్నే ఓ.బి.డి.-2 అంటారు. ఎవరి పరికరమైనా దానికి తగిలించి బండి లోపాన్ని చదువుకోవచ్చు. మోటారు సైకిళ్ళకు ఈ నిబంధన వర్తించలేదు. దాంతో ఒక్కో కంపెనీ ఒక్కో ఆకారం సాకెట్టు పెట్టుకుంది. హోండాది ఒకటి, యమహాది ఇంకొకటి, కె.టి.ఎం.ది మరొకటి. లోపల మాట్లాడే భాష కూడా తలా ఒక మాండలికం.

సుజుకీ బండ్ల కథ వినడానికి సరదాగా ఉంటుంది. సీటు కింద ఉన్న సాకెట్టులో ఒక ప్రత్యేక పరికరం తగిలిస్తే మీటరులో లోపం అంకె కనిపిస్తుందని కంపెనీ పుస్తకంలో రాశారు. అభిమానులు ఆ పరికరాన్ని పరిశీలిస్తే తేలిందేమిటంటే, అది రెండు పిన్నులను కలిపే మామూలు స్విచ్చు మాత్రమే! వంచిన తీగ ముక్కతో కూడా అదే పని జరుగుతుంది. ఈ సంగతి నోటి నోటా పాకి, వేలమంది సుజుకీ యజమానులు ఇంట్లోనే లోపాలు చదువుకోవడం మొదలుపెట్టారు. నా ఉద్దేశంలో అభిమానుల సాధనాల చరిత్రకు ఈ తీగ ముక్కే శ్రీకారం.

కెనడాలో ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ అనే ఒక చిన్న సంస్థ ఉండేది. కార్ల సాకెట్టులో వినిపించే రకరకాల భాషలను మామూలు కంప్యూటరుకు అర్థమయ్యే అక్షరాలుగా మార్చే ఇ.ఎల్.ఎమ్.327 అనే చిప్పును అది 2005లో తెచ్చింది. ఒక విధంగా అది దుబాసీ అన్నమాట. మొదట అమ్మిన చిప్పుల్లో నకలు తీయకుండా కాపాడే ఏర్పాటు లేకపోవడంతో, చైనాలో దానికి లెక్కలేనన్ని నకళ్ళు పుట్టాయి. ఆ సంస్థకు అది నష్టమే. 2022లో మూతపడింది కూడా. కానీ కొన్ని వందల రూపాయలకు బ్లూటూత్ అడాప్టరు మన సంతల దాకా రావడానికి ఆ నకళ్ళే కారణం. ఒకరి కష్టం దొంగిలిస్తే పదిమందికి మేలు జరిగిందని చెప్పడానికి బడిపంతులుగా నాకు మనసొప్పదు గాని, జరిగింది మాత్రం అదే.

2008లో రెండు సంఘటనలు జరిగాయి. జూలైలో ఆపిల్ వారి యాప్ స్టోరు, అక్టోబరులో ఆండ్రాయిడ్ వారి మార్కెట్టు తెరిచారు. అంతవరకు ఎవరైనా ఒక ప్రోగ్రాము రాస్తే స్నేహితులకు డిస్కులో ఇవ్వవలసి వచ్చేది. ఇప్పుడు ఇంటి గదిలో కూర్చుని రాసినది ప్రపంచమంతా దించుకోవచ్చు. చేతి ఫోనులో బ్లూటూత్ ఉంది, తెర ఉంది, దారి చూపే జి.పి.ఎస్. ఉంది. మోటారు సైకిలువాడికి ఇంతకంటే ఏం కావాలి? ట్యాంకు బ్యాగులో పట్టే ప్రయోగశాల దొరికినట్టయింది.

బి.ఎం.డబ్ల్యు. బండ్లవారు ఈ దారిలో ముందు నడిచారు. ఎడారులు, కొండలు దాటి వేల మైళ్ళు పోయే అలవాటు ఉన్నవారు వారు. దక్షిణాఫ్రికాలోని హెక్స్ అనే సంస్థ వారికోసం జి.ఎస్.-911 అనే పరికరం తయారు చేసింది. అమెరికాలో ఆపదకు పిలిచే నెంబరు 911 కదా, ఆ పేరు అందుకే. సర్వీసు గడువు వచ్చిందని మీటరు మీద కనిపించే హెచ్చరికను తుడిచివేయాలన్నా డీలరు కంప్యూటరే కావాలి. సొంతంగా ఆయిలు మార్చుకున్న యజమానికి ఇంతకంటే చికాకు ఏముంటుంది? ఆ పరికరం ఆ పని కూడా చేసింది. తరువాత అదే కంపెనీ బండ్లకోసం మోటోస్కాన్ అనే ఆండ్రాయిడ్ యాప్ వచ్చింది. ఇంగ్లండు ట్రయంఫ్ బండ్లవారికి, మరికొన్ని ఐరోపా బండ్లవారికి ట్యూన్ ఇ.సి.యు. అనే ప్రోగ్రాము దొరికింది. మొదట కంప్యూటరులో, తరువాత ఫోనులో. లోపం చదవడమే కాక, ఇ.సి.యు. లోపల ఉన్న పెట్రోలు లెక్కల పట్టికనే మార్చగల శక్తి దానికి ఉంది.

కంపెనీ చెప్పని భాషను వీళ్ళు ఎలా నేర్చుకున్నారని మీకు సందేహం రావచ్చు. మన సరిహద్దువారికి దీన్ని అర్థం చేసుకోవడం సులువు. మన పిల్లలు తమిళమో కన్నడమో ఒరియానో బడికి పోకముందే ఎలా నేర్చుకుంటారు? సంతలో నిలబడి, ఏ మాట అన్నప్పుడు ఏ వస్తువు చేతులు మారిందో చూస్తారు. వీరు చేసింది కూడా అదే. పాత బండ్లలో కె-లైన్ అనే ఒకే తీగ మీద సెకనుకు 10,400 సంకేతాల వేగంతో మాటలు నడుస్తాయి. డీలరు పరికరం అడిగే ప్రశ్నను, బండి ఇచ్చే జవాబును పక్కనుంచి రాసుకోవాలి. తరువాత యాక్సిలరేటరు కొంచెం తిప్పి, జవాబులో ఏ అంకె మారిందో చూడాలి. ఇంజను వేడెక్కనిచ్చి, ఏ అంకె నెమ్మదిగా పెరిగిందో చూడాలి. ఇలా ఒక్కొక్క అంకెకూ అర్థం కట్టుకుంటూ పోవాలి. రాత్రుళ్ళు మేల్కొని నెలల తరబడి చేసే పని ఇది. డబ్బు ఆశతో చేసేవారికి ఇంత ఓపిక ఉంటుందా అని నాకు అనుమానం.

విద్యుత్ బండ్ల కాలంలో ఈ పని ఇంకో రూపం తీసుకుంది. అమెరికాలో కాలిఫోర్నియాకు చెందిన జీరో మోటార్ సైకిల్స్ సంస్థ 2006లో మొదలైంది. వారి బండిలో బ్యాటరీ ఎప్పుడు ఎంత వేడెక్కింది, ఎక్కడ కరెంటు తెగింది అనే దినచర్య అంతా నమోదవుతూ ఉంటుంది. కంపెనీ యాప్‌తో ఆ దినచర్యను ఫోనులోకి తీసి కంపెనీకి పంపవచ్చు. పంపిన యజమాని మాత్రం దాన్ని చదవలేడు, అంతా సంకేత లిపి. తన బండి ఆరోగ్యం గురించిన ఉత్తరాన్ని తానే తపాలా పెట్టెలో వేస్తాడు, తాను మాత్రం చదవకూడదు! యజమానులలో ప్రోగ్రాములు తెలిసినవారు కూర్చుని ఆ లిపిని విప్పే ప్రోగ్రాము రాసి, అందరికీ ఉచితంగా ఇచ్చారు. యజమానులే కలిసి అనధికార సర్వీసు మాన్యువల్ కూడా రాసుకున్నారు.

ఇదంతా బండి లోపలి సంగతి. బండి పోయే దారి సంగతిలో కూడా అభిమానులదే పెద్ద చేయి. 2004లో ఇంగ్లండులో మొదలైన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అనే పటాన్ని ప్రపంచమంతటా స్వచ్ఛందంగా పనిచేసేవారు గీస్తున్నారు. దాని ఆధారంగా 2010లో వచ్చిన ఓస్మ్ ఆండ్ వంటి యాప్‌లు ఫోనులో సిగ్నలు లేని అడవి దారిలో కూడా పనిచేస్తాయి. ఆ పటంలో ఒక ఊరికి ఎన్ని భాషల్లో పేరుంటే అన్నీ విడివిడిగా రాసే వీలుంది. తమిళంలో ఓసూర్, మనకు హోసూరు. రెండూ పక్కపక్కన ఉంటాయి, ఏదీ మరొకదాన్ని తోసేయదు. ప్రభుత్వ బోర్డుల మీద పేర్లకోసం తగవులు చూసిన మనకు ఇది చిన్న సంగతి కాదు.

మరి కంపెనీలు ఏమన్నాయి? మొదట చాలాకాలం ఏమీ అనలేదు. తరువాత కొన్ని తమ సంకేతాలకు తాళాలు పెంచాయి. ఆ తరువాత తామే యాప్‌లు తయారు చేశాయి. మన దేశంలో 2018 ఫిబ్రవరిలో టి.వి.ఎస్. ఎన్‌టార్క్ 125 స్కూటరు ఫోనుతో బ్లూటూత్ సంబంధం కలుపుకుని వచ్చింది. 2020 నవంబరులో రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్ 350 బండికి దారి చూపే చిన్న గుండ్రటి తెర పెట్టారు. ఇప్పుడు దాదాపు ప్రతి కంపెనీకీ ఒక యాప్ ఉంది. వీటిలో ఫోను ఎవరు చేస్తున్నారో కనిపిస్తుంది, బండి ఎక్కడ నిలిపామో తెలుస్తుంది, సర్వీసుకు తేదీ తీసుకోవచ్చు. సౌకర్యమే. కానీ అభిమానుల యాప్‌ను, కంపెనీ యాప్‌ను పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది యజమానికి అంకె చూపి, నువ్వే ఆలోచించుకో అంటుంది. రెండోది చాలావరకు సర్వీసు సెంటరు తలుపు చూపిస్తుంది.

కంపెనీల పక్షాన చెప్పవలసింది కూడా ఉంది. పెట్రోలు పట్టికను ఇష్టం వచ్చినట్టు మార్చితే పొగ పెరుగుతుంది, కాలుష్య చట్టం ఉద్దేశం దెబ్బతింటుంది. ఏ.బి.ఎస్. బ్రేకుల జోలికి తెలియనివాడు పోతే ప్రాణాల మీదికి వస్తుంది. తాళం గుర్తుపట్టే ఇమ్మొబిలైజరు రహస్యాలు బయటపడితే దొంగకు చేతికి తాళం ఇచ్చినట్టే. ఈ భయాలు నిజమైనవే. అయితే లోపం చదవడానికీ, పట్టిక మార్చడానికీ మధ్య చాలా దూరం ఉంది. రోగికి జ్వరం ఎంతుందో చెప్పడం వేరు, మందు మార్చడం వేరు. రెండో దాని భయం చూపి మొదటిదానికి కూడా తాళం వేయడం న్యాయం కాదని నా అభిప్రాయం.

మన చట్టం ఈ విషయంలో అనుకున్నంత మూగది కాదు. 1957 నాటి కాపీరైటు చట్టానికి 1999లో చేసిన సవరణ ప్రకారం, ఒక ప్రోగ్రామును న్యాయంగా కలిగి ఉన్నవాడు దానితో కలిసి పనిచేసే మరో ప్రోగ్రాము తయారు చేసుకోవడానికి అవసరమైన సమాచారం వేరే విధంగా సులభంగా దొరకనప్పుడు, దాన్ని పరిశీలించి తెలుసుకోవడం కాపీరైటు ఉల్లంఘన కాదు. 52వ సెక్షనులో ఈ మాట ఉంది. ఇక 2014 ఆగస్టు 25న భారత పోటీ కమిషను 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. విడిభాగాలు, లోపం చదివే పరికరాలు బయటి మెకానిక్కులకు దొరకకుండా చేశారన్నది నేరం. తరువాత అప్పీళ్ళు నడిచాయి, అది వేరే కథ. ఆ తీర్పు కార్లకు సంబంధించినదే అయినా, షెడ్డు మెకానిక్కు పరికరం అడగడం దయ కోరడం కాదని అందులో స్పష్టమైంది. 2022 డిసెంబరు 24న కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించింది. మన్నికైన వస్తువులను బాగుచేయించుకునే సమాచారం ఒకచోట పెట్టడం దాని ఉద్దేశం. మోటారు వాహనాలు కూడా అందులో ఒక విభాగం.

సాకెట్టు విషయంలో మాత్రం స్పష్టమైన మార్పు వచ్చింది. మోటారు సైకిళ్ళకు ఆరు పిన్నుల సాకెట్టు ఎలా ఉండాలో ఐ.ఎస్.ఓ. 19689 అనే అంతర్జాతీయ ప్రమాణం 2016లో నిర్ణయించింది. ఐరోపాలో యూరో 5 బండ్లు దాన్ని అనుసరించాయి. మన దేశంలో బి.ఎస్.-6 బండ్లలో కూడా పలు వాటికి అదే కనిపిస్తుంది. లోపాల అంకెలలో కూడా సామాన్య భాష వచ్చింది. పి-0335 అంటే క్రాంకు సెన్సారు దారిలో లోపం. ఏ కంపెనీ బండి అయినా అదే అర్థం. హోసూరులో స్కూటర్లు తయారు చేసే ఏథర్ కంపెనీ తన ఛార్జింగు కనెక్టరు నమూనాను 2021లో తక్కిన కంపెనీలకు కూడా ఇచ్చింది. 2023లో భారత ప్రమాణాల సంస్థ దాని ఆధారంగా ఒక ప్రమాణం ప్రకటించింది. గుట్టు విప్పితే వ్యాపారం మునిగిపోతుందనే వాదనకు మన ఊరి కర్మాగారమే జవాబు చెప్పినట్టయింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. అభిమాని తయారు చేసిన యాప్‌కు అభిమాని ఆయుస్సే ఆయుస్సు. 2017 సెప్టెంబరులో ఆపిల్ ఫోన్ల కొత్త వ్యవస్థ వచ్చినప్పుడు, పాత 32 బిట్ల పద్ధతిలో రాసిన యాప్‌లన్నీ ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. రాసినవారు మళ్ళీ కూర్చుని తిరగరాస్తే సరి, లేకపోతే అంతే సంగతులు. ఒకరి ఉద్యోగం మారుతుంది, ఒకరికి పెళ్ళవుతుంది, ఒకరు ఆ బండే అమ్మేస్తారు. కంపెనీ యాప్ శాశ్వతమా అంటే అదీ లేదు. హాలండు దేశపు వాన్‌మూఫ్ అనే విద్యుత్ సైకిళ్ళ కంపెనీ 2023 జూలైలో దివాలా తీసింది. ఆ సైకిళ్ళ తాళం ఫోనులో ఉంటుంది, ఫోనుకు తాళం కంపెనీ సర్వరులో ఉంటుంది. సర్వరు ఆరిపోతే మూడు వేల యూరోల సైకిలు దాని యజమానినే గుర్తుపట్టదు. అప్పుడు బెల్జియంలోని పోటీ కంపెనీ కౌబాయ్ వారు బైకీ అనే చిన్న యాప్ తయారు చేసి, ఎవరి తాళం వారు ముందుగానే ఫోనులో దాచుకునే ఏర్పాటు చేశారు. మైసూరు యెజ్డీ యజమానులకు 1996లో ఇలాంటి భయం లేదు. కర్మాగారం గేటుకు తాళం పడినా ఇంటిముందున్న బండి కిక్కు కొడితే కదిలేది.

మా ఊళ్ళో బస్టాండు వెనక షెడ్డు నడిపే ఒకాయన ఉన్నాడు. ముప్పై ఏళ్ళకు పైగా ఈ పని చేస్తున్నాడు. బి.ఎస్.-6 బండ్లు వచ్చిన తరువాత రెండేళ్ళు ఆయన దగ్గరికి వచ్చే బండ్లు తగ్గిపోయాయి. వచ్చినవాటిలో దీపం వెలిగిందంటే, కంపెనీకే తీసుకుపో నాయనా అని పంపేసేవాడు. ఆయన కొడుకు నా దగ్గర చదువుకున్నాడు, ఇప్పుడు పాలిటెక్నిక్కులో ఉన్నాడు. ఆ కుర్రవాడు చౌక అడాప్టరు ఒకటి తెప్పించాడు, అది నకలుకు నకలు కాబట్టి సగం బండ్లతో మాట్లాడలేదు. రెండోసారి కొంచెం ఖరీదైనది తెప్పించాడు. ఆరు పిన్నులకు, పదహారు పిన్నులకు మధ్య కలిపే తీగ తానే అతికించుకున్నాడు. ఫోనులో ఉచితంగా దొరికే యాప్ పెట్టాడు.

ఇప్పుడు ఆ షెడ్డులో లోపం అంకె చదవడం మామూలు పని అయిపోయింది. చదివిన తరువాత తండ్రి అనుభవం మొదలవుతుంది. యాప్ సెన్సారు చెడిందని చెబితే, ఆయన సెన్సారు మార్చడు. ముందు దానికి పోయే తీగ ఎక్కడ ఒరుసుకుందో వెతుకుతాడు. ఎలుక కొరికిన తీగకు యాప్‌లో అంకె లేదు మాస్టారూ అంటాడు. అందులో చాలా నిజముంది. అక్కడికీ కాని పనులు ఉన్నాయి. కొన్ని బండ్లలో కొత్త ఇ.సి.యు. వేస్తే దాన్ని పరిచయం చేయడానికి కంపెనీ కంప్యూటరే కావాలి. వాటిని ఇప్పటికీ పంపేస్తాడు.

యాప్ ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది కాబట్టి కుర్రవాడు పెద్ద అట్టముక్క మీద అంకెలు, వాటి అర్థాలు రాసి గోడకు తగిలించాడు. పైన తెలుగు, కింద తమిళం. వచ్చేవారు రెండు భాషలవారూ ఉంటారు మరి. పేర్లు మాత్రం తండ్రి పెట్టినవే. థ్రాటిల్ సెన్సారుకు చెయ్యి అని, వేడి కొలిచేదానికి నాలుక అని రాసి ఉంది. ఇరవై ఒకటి ఎదురుగా ఆక్సిజను సెన్సారు అనే మాట లేదు. సైలెన్సరు ముక్కు అని ఉంది. పొగ వాసన చూసి లోపలికి కబురు పంపేది అదే కదా సార్, ముక్కు కాక ఇంకేమిటి అన్నాడు ఆయన.